సంకేతపదం: అరవయ్యేళ్ల చరిత్ర



కొంతకాలం క్రితం నా ఈ-మెయిలు ఖాతా అన్యుల చేతికి చిక్కింది. పిల్లలకోసం పదేళ్లుగా కూర్చిన పొడుపుకథలు, పెద్దలు చెప్పగా రాసుకొన్న మన ప్రాంతపు పాత మాటలు అందులోనే ఉండేవి. తిరిగి దక్కినవి సగమే. నేను పెట్టుకొన్న సంకేతపదం మా ఊరి పేరు, పక్కన నేను పుట్టిన సంవత్సరం. పరిచయమున్న వారెవరైనా రెండో ప్రయత్నంలో ఊహించగలరు. ఆ బాధలోనే ఈ సంకేతపదం ఎక్కడ పుట్టిందో, ఎలా ఓడుతూ వచ్చిందో చదవనారంభించాను. తెలిసినంతలో మీ ముందుంచుతున్నాను.

గుర్తుమాట పాతదే. రోమను సైన్యంలో రాత్రి కాపలాకు గుర్తుమాటను చెక్కపలకమీద రాసి దళం నుండి దళానికి అందించేవారని, ఏ పలకైనా చీకటిపడేలోగా తిరిగి రాకపోతే ఆరా తీసేవారని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు.

కంప్యూటరులోకి అది వచ్చింది 1960ల మొదట్లో. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనే ఏర్పాటు చేసింది. ఎవరి దస్త్రాలు వారికే దక్కాలి గనుక తలా ఒక రహస్యపదం ఇచ్చారు. 1962లోనే అలాన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన యంత్రసమయం చాలక, రహస్యపదాలున్న దస్త్రాన్నే అచ్చువేయమని యంత్రానికి విన్నపం పెట్టాడు. యంత్రం వినయంగా అచ్చువేసి ఇచ్చింది! 1966లో మరీ విడ్డూరం జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు దస్త్రాలు దిద్దుతుండగా అవి తారుమారయ్యాయి. ఆనాటి స్వాగత సందేశానికి బదులు అందరి రహస్యపదాలూ లోనికి వచ్చిన ప్రతివారి కళ్లముందూ ప్రత్యక్షమయ్యాయి. గమనించండి, ఈ రెండు సందర్భాల్లోనూ ఎవరూ తాళం పగలగొట్టలేదు. తాళంచెవుల గుత్తి అరుగుమీదే ఉంది.

అందుకే తరువాతి యునిక్స్ వ్యవస్థలో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ పదాన్ని ఉన్నదున్నట్లు దాచడం మాన్పించారు. గింజను విసిరి పిండిగా దాచారనుకోండి. పిండి నుండి గింజ తిరిగి రాదు. మీరు మళ్లీ పదం టైపు చేస్తే దాన్నీ విసిరి, రెండు పిండ్లూ ఒకటేనా అని మాత్రం యంత్రం చూస్తుంది. ఇద్దరు ఒకే పదం పెట్టుకొన్నా పిండి వేరుగా ఉండాలని ఒక్కొక్కరికి వేరువేరు అదనపు అక్షరాలు కలిపారు. ఆ కలిపినదానికి పెట్టిన పేరు ఉప్పు! వంటింటి మాటలు ఇంత దూరం ప్రయాణించడం భాషోపాధ్యాయుడిగా నాకు ముచ్చటేసింది.

వారిద్దరూ 1979లో ప్రకటించిన వ్యాసంలోని లెక్క నన్ను ఆపేసింది. 3,289 సంకేతపదాలను సేకరించి చూస్తే 15 ఒంటి అక్షరాలు, 72 రెండక్షరాలవి, 464 మూడక్షరాలవి. నిఘంటువుల్లో దొరికినవాటినీ ఇతర సులభమైనవాటినీ కలిపితే నూటికి 86 తేలికగా పట్టుబడేవే. విసుర్రాయి ఎంత గట్టిదైతేనేం? దొంగ కూడా నిఘంటువులోని మాటలన్నీ వరుసగా విసిరి పిండి పోల్చి చూస్తాడు.

1988 నవంబరు 2న అదే జరిగింది. ఇంటర్నెట్టులో పాకిన తొలి పెద్ద పురుగు, వాడుకరి పేరును, దాన్ని తిరగేసిన రూపాన్ని, ఆపై తన వెంట తెచ్చుకొన్న 432 మాటలను ప్రయత్నిస్తూ ఖాతాల్లోకి దూరింది. దాన్ని వదిలినవాడు రాబర్ట్ టాపన్ మోరిస్, ఆ మోరిస్‌గారి కుమారుడే.

తరువాతి తరం నేర్చిందా? 2009లో రాక్‌యూ అనే సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షల సంకేతపదాలు బయటపడ్డాయి. విసరడం, ఉప్పు వేయడం ఏమీ లేకుండా గింజలుగానే దాచారు. వాటిలో అందరికంటే ఎక్కువమంది ఎంచుకొన్నది 123456. అలా బయటపడిన జాబితాలే నేటి దొంగల నిఘంటువులు. అందుచేత ఒకచోట వాడినది మరోచోట వాడడమంత ప్రమాదం లేదు. దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు, అందరికీ కంఠస్థమైన పద్యపాదాలు ఇంగ్లీషు లిపిలో రాసినంతమాత్రాన రహస్యాలు కావు.

మరి పెద్దక్షరం, అంకె, వింత గుర్తు తప్పనిసరి అన్న నియమమో? 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో బిల్ బర్ రాసిన సూచనల ద్వారా అది లోకమంతా పాకింది. జనం మొదటి అక్షరం పెద్దది చేసి, చివర 1 తగిలించి నియమం తీర్చుకొన్నారు. తాను చెప్పినదానిలో చాలావాటికి చింతిస్తున్నానని ఆయనే 2017లో ఒప్పుకొన్నారు. అదే ఏడాది ఆ సంస్థ కూడా వింత గుర్తుల నిర్బంధం వద్దని, కారణం లేకుండా తరచు మార్పించవద్దని, పొడవైన పదాలకు చోటివ్వాలని సవరించింది. పద్నాలుగేళ్లు మనల్ని విసిగించి మరీ! ఫోనుకు వచ్చే రెండో గుర్తు పెట్టుకోవడం అదనపు గడియ. అదీ వేయండి.

పొడుగంటే ఎంత? చిన్నక్షరాలు ఎనిమిదింటితో సుమారు 20,882 కోట్ల పదాలు కట్టవచ్చు. మనిషికి అది అనంతం, నేటి యంత్రానికి స్వల్పం. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ పాచికలు వేసి మాటలు ఎంచుకొనే పద్ధతి చెప్పాడు. మనసు ఎంచితే ఊరి పేరే వస్తుంది, పాచికకు ఊరు లేదు. అతని జాబితాలో 7,776 మాటలు. నేను నాకు దక్కిన ఆ సగం మాటల్లోంచి 1,296 ఏరి వరుస సంఖ్యలు వేసుకొన్నాను. నాలుగుసార్లు పాచిక వేస్తే ఒక మాట. ఆరు మాటలు కలిస్తే ఆ ఎనిమిదక్షరాల లెక్కకు 2 కోట్ల రెట్లకు పైగా అవుతుంది, జాబితా దొంగ చేతిలో ఉన్నాసరే. కాగితంమీద రాసి ఇనప్పెట్టెలో పెట్టాను, ఇంటి దొంగ కంటే సముద్రం అవతలి దొంగకే నేను భయపడుతున్నాను.

వైకుంఠపాళి పాచికను ఇరవైనాలుగు సార్లు వేసింది మా మనవరాలు. వచ్చిన ఆరింటిలో ఒక మాట తానెప్పుడూ వినలేదట, అర్థమేమిటని అడిగింది. చెప్పాను. ఆ మాటేదో మీకు మాత్రం చెప్పడానికి వీల్లేదు.