పెద్దపేగు లాపరోస్కోపీ శస్త్రచికిత్స

పెద్దపేగులోనో పురీషనాళంలోనో జబ్బు సోకిన భాగాన్ని, పొట్టను పొడవుగా కోయకుండా, చిన్న రంధ్రాల గుండా తొలగించే విధానం. వాడుకలో కీహోల్ ఆపరేషన్ అంటారు. క్యాన్సర్‌తో పాటు డైవర్టిక్యులైటిస్, క్రోన్స్ వ్యాధి వంటి వాటికీ చేస్తారు.

విధానం: పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, ఒక రంధ్రం గుండా కెమెరాను, మిగతా వాటి గుండా పరికరాలను దింపుతారు. రక్తనాళాలను మొదట్లోనే మూసి, లింఫ్ గ్రంథులతో సహా పేగు భాగాన్ని విడదీసి, మిగిలిన కొసలను అతుకుతారు. తీసిన భాగం బయటికి రావడానికి సాధారణంగా చిన్న కోత ఒకటి తప్పదు.

ఆరంభం: పిత్తాశయానికి కుదిరినంత త్వరగా ఈ పద్ధతి పెద్దపేగుకు కుదరలేదు. పెద్దపేగు పొట్టంతా పరచుకొని ఉంటుంది. పైగా కొసలు అతకాలి. తొలి ఆపరేషన్ ఏడాదిని కొందరు 1990గా, కొందరు 1991గా రాస్తారు. రెండోది మయామీకి చెందిన మోయిసెస్ జేకబ్స్ బృందం 20 మంది రోగుల అనుభవాన్ని ప్రచురించిన ఏడాది. ఆపరేషన్ మాత్రం 1990లోనే జరిగిందనడం సమంజసం. సర్జన్ డెనిస్ ఫౌలర్ చేసిన సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి వంపు) ఆపరేషన్ కూడా దాదాపు అప్పటిదే.

క్యాన్సర్ భయం: పరికరాలు దింపిన రంధ్రాల దగ్గరే క్యాన్సర్ మళ్లీ మొలుస్తోందని తొలి ఏళ్లలో వార్తలొచ్చాయి. 1994లో ఒక డచ్ బృందం 14 మందిలో ముగ్గురికి అలా జరిగిందని తెలిపింది. ఈ పద్ధతి వ్యాప్తిని కొన్నేళ్లు ఆపినది ఆ భయమే. 872 మందిపై జరిగి 2004లో వెలువడిన అమెరికా అధ్యయనం ‘కాస్ట్’ దాన్ని చాలావరకు తీర్చింది: గాయం దగ్గర తిరగబెట్టడం లాపరోస్కోపీలోనూ, పొట్ట కోసి చేసే ‘ఓపెన్’ పద్ధతిలోనూ 1 శాతం లోపే. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టినవారు లాపరోస్కోపీలో 16 శాతం, ఓపెన్‌లో 18 శాతం. ఆసుపత్రి బస ఆరు రోజుల నుంచి ఐదుకు తగ్గింది. అంతకుముందు 2002లో బార్సెలోనా బృందం లాపరోస్కోపీ మరింత మేలని చూపినా, అది ఒకే ఆసుపత్రిలో 219 మందిపై జరిగినది కనుక పెద్ద అధ్యయనాల మాటకే బరువు ఎక్కువ.

మధ్యలో కడుపు కోయవలసి రావడం: ‘కాస్ట్’లో 21 శాతం, బ్రిటన్ ‘క్లాసిక్’ (2005)లో 29 శాతం మందికి ఇలా జరిగింది. పాత ఆపరేషన్ల అతుకులు, స్థూలకాయం, పక్క అవయవాలకు పాకిన కణితి సాధారణ కారణాలు. దీన్ని వైఫల్యంగా కాక ముందుజాగ్రత్త చర్యగా చూడాలన్నది నేటి అభిప్రాయం.

పురీషనాళం: ఇరుకైన కటి కుహరంలో పరిస్థితి వేరు. ‘కలర్ 2’ అధ్యయనం (1044 మంది)లో మూడేళ్లకు స్థానికంగా తిరగబెట్టడం రెండు పద్ధతుల్లోనూ 5 శాతమే. అయితే 2015లో వెలువడిన మరో రెండు అధ్యయనాల్లో, అంచుల శుభ్రతతో సహా తొలగింపు నాణ్యతలో లాపరోస్కోపీ ఓపెన్‌కు తీసిపోదని రుజువు కాలేదు: అమెరికాలో 82కు 87, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 82కు 89 శాతం. ఆ రోగుల రెండేళ్ల ఫలితాల్లో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. రోబో సాయం కడుపు కోయవలసిన అవసరాన్ని 12.2 నుంచి 8.1 శాతానికి తగ్గించినట్లు కనిపించినా (‘రోలార్’ అధ్యయనం, 2017), గణాంకపరంగా అది నిలవలేదు. మలద్వారం గుండా కింది నుంచి చేసే పద్ధతిలో కటి కుహరంలో క్యాన్సర్ పలుచోట్ల తిరగబెట్టడంతో నార్వే దాన్ని నిలిపివేసింది.

సారాంశం: అనుభవమున్న చేతుల్లో పెద్దపేగు క్యాన్సర్‌కు లాపరోస్కోపీ సురక్షితమన్నది స్థిరపడిన విషయం. పురీషనాళానికి ఆ మాట రోగిని, సర్జన్‌ను బట్టి ఉంటుంది. అతుకు లీకయ్యే ప్రమాదం మాత్రం ఏ పద్ధతిలోనూ పూర్తిగా పోలేదు.