ఒక పిస్తోలు, ఒక గురువు, ఒక నంబరు

మన మేత్రాసన శతాబ్ది సంచికలో పిస్తోలు ప్రసక్తి ఏమిటని చదువరులు నొసలు ముడుచుకొనవచ్చును. తొందరపడవద్దని మా మనవి. ఈ పిస్తోలును కాపాడినది ఏ సైనికుడో, ఏ సేకరణదారుడో కాదు. ఒక యేసుసభ గురువు.

1914 జూన్ 28, ఆదివారము. ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ బోస్నియాలోని సారయెవో నగరమునకు వచ్చారు. ఉదయము వారి కారుపై బాంబు పడినది గాని, ఆ దంపతులు బ్రతికి బయటపడ్డారు. ఆ తరువాత డ్రైవరు తప్పు వీధిలోనికి మలుపు తిప్పి బండి ఆపినచోట పంతొమ్మిదేండ్ల గవ్రిలో ప్రిన్సిప్ నిలిచి ఉన్నాడు. రెండు గుండ్లు ప్రేలినవి. ఇద్దరూ మరణించారు. వారికి అవస్థ అభ్యంగనము ఇచ్చిన గురువు ఫాదర్ అంటోన్ పుంటిగమ్. ఇరువదేండ్లు నిండనందున ప్రిన్సిప్‌కు ఉరిశిక్ష పడలేదు. ఇరువదేండ్ల ఖైదు పడినది. 1918 ఏప్రిల్ 28న జైలులోనే క్షయతో మరణించాడు.

నెల తిరిగేసరికి ప్రపంచ యుద్ధము వచ్చినది. ఆ ప్రేలుడు మన తెలుగునాటి మిషను బంగళాలకు సహితము వినబడినది. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములలో పనిచేయుచున్న హెర్మన్స్‌బర్గ్ మిషను జర్మను పాస్టర్లను శత్రుదేశస్థులని బ్రిటిషు ప్రభుత్వము నిర్బంధించినది. వారి సంఘములను చూచుకొను పని అమెరికాలోని ఒహాయో సినాడు వారిపై పడినది. ఆ పాస్టర్లకు సారయెవో ఎక్కడ, నాయుడుపేట ఎక్కడ!

ఫాదర్ పుంటిగమ్ చేతికి ఆ హత్యకు సంబంధించిన వస్తువులు కొన్ని వచ్చినవి. యువరాజు జ్ఞాపకార్థము ఒక ప్రదర్శనశాల పెట్టవలెనని ఆయన కోరిక. యుద్ధము దానిని సాగనియ్యలేదు. 1926లో ఆయన మరణించగా, ఆ వస్తువులు ఆస్ట్రియాలోని యేసుసభ వారి వద్ద మిగిలిపోయినవి. బయటి లోకమునకు వాటి జాడ లేదు. జాడ లేనిచోట కథలు పుట్టుట సహజము గదా! అది 1900 నమూనా తుపాకియనీ, దాని గుండు 7.65 మిల్లీమీటర్లదనీ పుస్తకములలో అచ్చయినది. ఒకరు వ్రాసినది మరియొకరు ఎత్తి వ్రాసికొన్నారు.

పాత పిస్తోలు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనువారు ముందుగా అమ్మినవాని కథను ప్రక్కన పెట్టి ఇనుమును చదువుతారు. పైకప్పుపై చెక్కిన ఫ్యాక్టరీ పేరు, పరీక్షాలయపు ముద్రలు, గొట్టముపై గుండు కొలత, అన్నిటికన్న ముఖ్యముగా వరుస నంబరు. బెల్జియములోని హెర్‌స్టాల్ ఫ్యాక్టరీలో తయారైన ఈ రకము, అమెరికావాడైన జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. 1910 నమూనా అంటారు. గొట్టము మార్చినంత మాత్రాన అదే తుపాకి 7.65 గుండైనా, 9 మిల్లీమీటర్ల పొట్టి గుండైనా కాల్చును. కనుక పైకి చూచి కొలత చెప్పుట సాధ్యము కాదు. ఇక తుప్పు వదిలించవలెనని గరుకు కాగితముతో రుద్దితే నంబరే అరిగిపోవును. మన గుడులలో పాత గంటలను చింతపండుతో తోమి తోమి దాతల పేర్లు చెరిపివేసిన భక్తులను మేమెరుగుదుము. వారి భక్తిని తప్పుపట్టలేము గాని, పేర్లు మాత్రము మరల రావు.

2004లో, హత్య జరిగిన తొంబదవ యేట, యేసుసభ వారు ఆ వస్తువులను వియన్నా సైనిక చరిత్ర ప్రదర్శనశాలకు అప్పగించారు. అప్పుడు నంబరు చదివినారు: 19074. హత్య కేసు కాగితములలో కుట్రదారుల నాలుగు పిస్తోళ్ళ నంబర్లు ఉన్నవి: 19074, 19075, 19120, 19126. మన విచారణ గురువులు జ్ఞానస్నాన పుస్తకము తీసి వరుస సంఖ్య చూచి, ఈ బిడ్డ ఫలానావారి బిడ్డయని తేల్చినట్లే ఇదియు తేలినది. నమూనా 1910, గుండు 9 మిల్లీమీటర్లు. ఎన్నో ఏండ్లుగా అచ్చయిన మాట ఐదంకెల ముందు నిలువలేకపోయినది.

అయినను ఒక మాట. నంబరు ఆ పిస్తోలును ఆ నాలుగింటిలో ఒకటిగా నిలబెట్టును గాని, కాల్చిన చేయి ఎవరిదో ఇనుము చెప్పదు. 19074 ప్రిన్సిప్ చేతిదని చెప్పుకొనుటకు మనుష్యుల సాక్ష్యము, చేతులు మారిన క్రమము కావలెను. ఇక్కడ ఆ క్రమములో ఉన్నవారు మరణశయ్యవద్ద నిలిచిన ఒక గురువు, ఆయన సభవారు. సేకరణదారులకు ఇంతకన్న గట్టి గొలుసు అరుదుగా దొరకును.

ఆ దంపతులు ఎక్కిన కారు, యువరాజు తొడిగిన రక్తపు కోటు అంతకు పూర్వమే ఆ ప్రదర్శనశాలలో ఉన్నవి. తొంబదేండ్ల తరువాత పిస్తోలు వచ్చి వాటి సరసన చేరినది. దానితోబాటు యువరాజు రక్తము అంటిన చొక్కాను కూడ యేసుసభ వారు పంపించారు.