పీట్ లేని నేలలో ‘కోకోపీట్’: తనకల్లు ప్రాంత నారు పెంపకం - చారిత్రక పరిశీలన

‘పీట్’ అనే పదార్థానికి తెలుగు వాడుకలో స్థిరపడిన పేరు లేదు. శీతల దేశాల చిత్తడి నేలల్లో, నీట మునిగి పూర్తిగా కుళ్ళని నాచు ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకోగా ఏర్పడేదది. సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లే ఉన్న అనంతపురం పీఠభూమికి దానితో పరిచయం కలిగే అవకాశమే లేదు. అయినా కదిరి-మదనపల్లె దారిలోని తనకల్లు పరిసరాల్లో టమాట నారు పెంచేవారికి ‘కోకోపీట్’ సుపరిచితమైన మాట. అది దేని స్థానాన్ని ఆక్రమించిందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

ఇంగ్లండులో లారెన్స్, న్యూయెల్ 1930లలో రూపొందించిన జాన్ ఇన్నెస్ మిశ్రమంలో పీట్ ఒక భాగం మాత్రమే. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం మట్టి లేని పీట్ మిశ్రమాలను ప్రచారంలోకి తెచ్చాక హరితగృహాలకు అదే ప్రధానాధారమైంది. పీట్ తవ్వకం వల్ల యుగాలుగా నిల్వ ఉన్న కర్బనం గాలిలో కలుస్తోందన్న స్పృహ ఆ తరువాతిది. కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టును ‘కోకోపీట్’ అని పేర్కొంటూ ‘ఎకనామిక్ బోటనీ’ పత్రికలో 1949లోనే వ్యాసం వచ్చింది. పీట్ తెలిసినవారికి బోధపడేందుకు పెట్టిన పేరది కావచ్చు. పీట్ ఎరుగని మనకు అదే అసలు పేరుగా చేరింది.

అంటే తనకల్లు వంటి చోట కోకోపీట్ తొలగించింది పీట్‌ను కాదు, నారుమడిని. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి ఎత్తుగా మడి కట్టి, విత్తనం చల్లి, గడ్డి కప్పడం పాత పద్ధతి. అందులో రైతు కొనవలసినది దాదాపు ఏమీ లేదు. సంకర విత్తనాలు వచ్చాక గుప్పెడుతో చల్లే విత్తనం లెక్కపెట్టి నాటేదిగా మారింది. 98 గుంతల ప్రోట్రేలో గుంతకొక గింజ, వేరు చెదరని మొక్క, నారుకుళ్ళు తక్కువ. ఈ మార్పును రైతు అవివేకంగా చూపే ధోరణి మన వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది, అది సరికాదు.

అసలు చిక్కు నీటిది. కొబ్బరి పొట్టులో పొటాషియం, సోడియం, క్లోరైడు లవణాలుంటాయి. ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన డొక్కల పొట్టులో అవి మరీ ఎక్కువ. మంచినీటితో పలుమార్లు కడగాలి. సోడియం వదలడానికి కాల్షియం నైట్రేటులో నానబెట్టాలి. కడగకుండా వచ్చిన పొట్టును ఎండుతున్న బోరుబావి నీటితో, అదీ ఉప్పదనం ఉన్న నీటితో కడగవలసి వస్తే, నీటిని పొదుపు చేసే మాధ్యమం ముందుగా నీటినే అడుగుతుంది. కేరళలోని కలవూరు కేంద్ర కాయిర్ పరిశోధన సంస్థ రూపొందించిన ‘పిత్‌ప్లస్’ అనే శిలీంధ్రపు విత్తు పొట్టును మాగబెట్టడానికి ఉపకరిస్తుంది. అయితే ఆ మాగుడుకూ తేమ కావలసిందే.

కాబట్టి ఈ ప్రాంతపు పరిశోధకుడు వెతకవలసినది పీట్‌కు కాక, కోకోపీట్‌కు ప్రత్యామ్నాయం. వేరుశనగకు పేరుపడ్డ జిల్లాలో కాయల పొట్టు ఎక్కువగా పొయ్యిలకే పోతుంది. అది ఒక్కటే వాడితే నీరు నిలవదు. చివికించి, పొడిచేసి, చెరువు మట్టితోనో కొబ్బరి పొట్టుతోనో ఏ పాళ్ళలో కలిపితే టమాట నారు నిలదొక్కుకుంటుందో ఇక్కడి బోరు నీటితోనే, ఇక్కడి ఎండలోనే చూడవలసి ఉంది.