ప్రతిపక్షమునకు మన ఋణము
(కొక్కొండ వెంకటరత్నము పంతులుగారు)

పత్రికల చరిత్రమును వ్రాయువారు గెలిచిన పక్షమువారినే యెక్కువగా స్మరింతురు. స్త్రీవిద్య మంచిదని నేడు వాదింపవలసిన పని లేదు గనుక, దానిని కాదన్నవారిని మఱచుట మనకు సులభమైనది. కాని ఓడిన పక్షమువలన తనకేమి లభించెనో తెలియనివాడు తన గెలుపును గూడ సరిగా నెఱుగడు. అందుచేత పూర్వాచారపక్షమున నిలిచిన పత్రికాధిపతి యొకరినిగూర్చి చదువరులకు విన్నవింపదలచితిని.

కొక్కొండ వెంకటరత్నము పంతులుగారు 1842లో జన్మించి 1915లో దివంగతులైరి. సంస్కృతాంధ్రములందు మహాపండితులు, చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించినవారు, మహామహోపాధ్యాయ బిరుదమును పొందినవారు. ధర్మసూరి సంస్కృతమున రచించిన నరకాసురవిజయ వ్యాయోగమును వీరు తెనిగించిరి. 1871లో చెన్నపురిని ఆంధ్రభాషాసంజీవని యను మాసపత్రికను స్థాపించి, ముద్రాక్షరశాలను గూడ నడపిరి. ప్రాచీనాచారమును, వ్యాకరణశుద్ధమైన గ్రాంథికభాషను కాపాడుటయే ఆ పత్రికకు వ్రతము.

నేను పాఠములు చెప్పుకొను ఈ అడవిసీమ కథయు ఆ కాలముతో ముడిపడియున్నది. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి విడివడి చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. గోదావరి కావల ఖమ్మముసీమ నైజాము రాజ్యముననే యుండెను. అదే సంవత్సరమున ఈ నదికే దిగువనున్న ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికాపాఠశాలను స్థాపించిరి. అక్టోబరులో వివేకవర్ధనిని ప్రారంభించిరి.

ఇచ్చట నొక విశేషము గలదు. వివేకవర్ధని తొలిదినములలో అచ్చయినది చెన్నపురిలో కొక్కొండవారి ముద్రాక్షరశాలయందే. సంస్కరణవాదపు పత్రిక పూర్వాచారపక్షమువారి యచ్చుయంత్రముపైనుండి వెలువడెను! దూరమున అచ్చు వేయించుట కష్టమైనందున వీరేశలింగముగారు మిత్రులతో గూడి రాజమహేంద్రవరమున సొంత ముద్రాశాలను ఏర్పఱచుకొనిరి.

ఇరువురును ఒక్క గురుమార్గమునుండి బయలుదేఱినవారే. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను మాత్రమే రచించి విడువగా, విగ్రహమును వీరిరువురును వేర్వేఱుగా రచించిరి. పిమ్మట ఆ విగ్రహము పత్రికలలోనికే వచ్చినది. వివేకవర్ధని స్త్రీవిద్య కావలెననెను, సంజీవని కూడదనెను. కొక్కొండవారు హాస్యవర్ధనిని వెలువరించి ప్రతిపక్షమును పరిహసింపగా, వీరేశలింగముగారు 1876లో హాస్యసంజీవనితో బదులిచ్చిరి. ఒకరి పత్రిక పేరును మఱియొకరు హాస్యమునకు తగిలించుకొనిరన్న మాట! బాలికను వృద్ధునకు కట్టబెట్టు దురాచారమును ఎగతాళి చేసిన బ్రాహ్మవివాహమను ప్రహసనము ఆ హాస్యసంజీవనిలోనే వెలువడెను. హాస్యమునకు హాస్యమే బదులు కావలసివచ్చినందున సంస్కర్తల లేఖిని పదునెక్కెను. ఉపన్యాసము చెప్పినచో నిద్రపోవు గృహస్థు ప్రహసనమును చదివి నవ్వెను. నవ్విన పిమ్మట సిగ్గుపడెను. ఆ పదును కొంత కొక్కొండవారి యొరయిక వలన గలిగినదే.

ఇంతకంటె పెద్ద ఋణము వేఱొకటి గలదు. అంతకుముందు ఆచారమునుగూర్చిన తగవులను తీర్చినవారెవరు? పీఠాధిపతులు, అగ్రహారమందలి నలుగురు పెద్దలు. వారి తీర్పునకు కారణము చెప్పవలసిన పని లేదు. ధిక్కరించినవానికి వెలియే శిక్ష. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిగినప్పుడు అందు పాల్గొన్నవారు ఆ శిక్షకు గుఱియైరి. పంతులుగారో, స్త్రీవిద్య విషయమున తమ వాదమును కాగితముపై నచ్చొత్తించి, చందా చెల్లించిన చదువరి ముందుంచిరి. పూర్వాచారమునకు హేతువు చెప్పవలసియున్నదని, దానిని విని తూచువాడు సామాన్య గృహస్థుడని ఒప్పుకొనుట యిది. వారు నోటితో ననకున్నను వారి పత్రిక యనినది. ఆచారము ఒక్కసారి న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యము చెప్పిన పిమ్మట, మరల సింహాసనమెక్కి యాజ్ఞాపించుట దుర్ఘటము.

వారి లోపమును మఱుగుపఱచుట నా యుద్దేశము కాదు. తగవు స్త్రీలనుగూర్చి, ఆ తగవు వినుటకు స్త్రీలను పిలువలేదు. చదువు రానివారికి చదువు వలదని అచ్చక్షరములలో వాదించుటయం దన్యాయమున్నది. బదులు చెప్పుటకు వారికి దారియేది? దానికితోడు పత్రికభాష యొక కంచెగా నుండెను. చదువు వచ్చిన పురుషులలోనే పెక్కురు దానిని దాటలేకుండిరి. వీరేశలింగముగారును మొదట ఆ భాషనే పట్టినవారు. క్రమముగా సుగమమైన వచనమునకు దిగివచ్చిరి. 1883లో స్త్రీలకొఱకే సతీహితబోధినిని వెలువరించిరి. 1899లో వారును ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగుపండితులైరి. కళాశాల ఒక్కటే, చెప్పిన భాష ఒక్కటే. ఎవరికొఱకు వ్రాయవలెనన్న ప్రశ్నకు ఇరువురిచ్చిన యుత్తరములు వేఱు.

ఆ ప్రశ్న యింకను తీఱలేదు. మా పాఠశాలలో పదవ తరగతి చదువు కోయబాలిక యొకతె గలదు. ఆ యింట అక్షరము వచ్చినది ఆమెకే. నా వ్యాసమున్న పత్రిక నొకటి ఆమె చేతికిచ్చి చదువుమంటిని. రెండు వాక్యములు చదివి యాగి, "సారూ, ఇది తెలుగేనా?" అని యడిగెను. ఆమె పరిహాసముగా నడుగలేదు, నిజముగానే తెలిసికొనగోరెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కొక్కొండవారి కంచెను నిందించుచు, ఆ కంచెలోపలనే కూర్చుండి వ్రాయుచున్నవాడను నేనని అప్పుడు తెలిసినది. మఱునాడు ఆ రెండు వాక్యములను ఆమెకు తెలిసిన మాటలలో మరల వ్రాసి యిచ్చితిని. ఆమె వానిని చదివి, అందొక మాటతో తనకు సమ్మతి లేదని చెప్పెను. నాకు గలిగిన సంతోష మింతంత కాదు.

కావున సోదరీసోదరులారా, మీ యింట మీ మతమును కాదనువా రున్నచో వారి నోరు మూయింపకుడు; హేతువు చెప్పుమని యడుగుడు, మీరును చెప్పుడు. ఇంతవఱకు కొక్కొండవారి పత్రికయే మనకు త్రోవ చూపినది. ఆ తగవు ఎవరినిగూర్చియో వారిని గూడ పిలిచి కూర్చుండబెట్టి, వారికి తెలియు మాటలలో మాటాడుడు. ఆ పని వారు చేయలేదు. మనమును ఇంకను పూర్తిగా చేయలేదు.