టోపీ తియ్యని బొమ్మలాయన

1910 జూలై. న్యూయార్క్ ఈవెనింగ్ జర్నల్ కోసం జార్జ్ హెరిమన్ ఆ రోజు కామిక్ స్ట్రిప్ గీస్తున్నాడు. ముప్పయ్యో ఏడు ఇంకా నిండలేదు. పై వాటా వాళ్లతో వేగలేక అల్లాడే ఓ కుటుంబం కథ అది. బొమ్మల అడుగున సన్నటి జాగా మిగిలింది. వదిలెయ్యొచ్చు. చెయ్యి ఊరుకోలేదు. అందులో ఓ నల్లపిల్లినీ, ఓ ఎలకనీ గీశాడు. ఎలక ఏదో అందుకుని పిల్లి నెత్తిన విసిరింది.

అది జూలై 26న అచ్చయింది. 1913కల్లా ఆ అడుగుజంటకే సొంత స్ట్రిప్ వచ్చింది: 'క్రేజీ క్యాట్'.

కథ ఒక్కటే. ఇగ్నాట్జ్ అనే ఎలక ఇటుక విసురుతుంది. ఆ దెబ్బనే పిల్లి ప్రేమ అనుకుని మురిసిపోతుంది. పిల్లి మీద మనసుపడ్డ కుక్క పోలీసు ఎలకని జైల్లో పెడతాడు. ముప్పై ఏళ్లు ఇదే! అయినా విసుగు పుట్టదు. ఆ గీత మహిమ అలాంటిది. పాత్రల వెనక అరిజోనా ఎడారి. ఈ గడిలో కొండ, పక్క గడికల్లా చెట్టు. ఎవరూ అడుగు కదపకుండానే పగలు రాత్రయిపోతుంది.

చాలామంది పాఠకులకు ఇది అంతుబట్టలేదు. సంపాదకులు సణిగారు. యజమాని విలియం రాండాల్ఫ్ హర్స్ట్ మాత్రం పట్టుబట్టి వేయించాడు. ఆయన మీద ఎన్ని విమర్శలున్నా, ఈ ఒక్క పనికి నేను ఆయనకి దణ్ణం పెడతాను.

హెరిమన్ ఇంట్లోనూ బయటా దాదాపుగా టోపీ తీసేవాడు కాదు. ఏ ఊరివాడో, ఏ జాతివాడో తేలక తోటి ఆర్టిస్టులు 'గ్రీకు' అని పిలిచేవారు.

1944 ఏప్రిల్ 25న కన్నుమూశాడు. చితాభస్మాన్ని మాన్యుమెంట్ వ్యాలీలో చల్లారు. మరణ పత్రంలో తెల్లవాడని రాశారు. ఇంకొకరిచేత గీయించకుండా స్ట్రిప్ అక్కడితో ఆపేశారు.

1971లో హెరిమన్ న్యూ ఆర్లీన్స్ జనన పత్రం బయటపడింది. 1880లో పుట్టిన ఆ బిడ్డ జాతి దగ్గర 'కలర్డ్' అని ఉంది. వాళ్లది నల్లజాతి మూలాలున్న క్రియోల్ కుటుంబం. పిల్లాడికి పదేళ్లప్పుడు లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయి తెల్లవాళ్లుగా బతికారు. నిజం తెలిసుంటే ఆనాటి పత్రికాఫీసులో ఆ కుర్చీ ఆయనకి దక్కనిచ్చేవారా? నేను నమ్మను.

ఇప్పుడు ఆ పాత స్ట్రిప్‌లు తిరగేసి చూడండి. ఒకదాంట్లో క్రేజీ బ్యూటీ పార్లర్‌కెళ్లి తెల్లగా తయారై వస్తుంది. ఇగ్నాట్జ్ పోల్చుకోలేక మోహంలో పడిపోతుంది. ఎవరో తెలియగానే మళ్లీ ఇటుక అందుకుంటుంది.