రాత్రిని కొలుచు మొక్కలు



చేమంతి చలికాలమున పూయుననుట మీ కెరుకయే. ఏ పైరును ఏ కార్తెలో విత్తవలెనో మన కర్షకులకు పెద్దలనాటినుండియు తెలియును. అయినను, పూయుటకు తరి వచ్చెనని నోరులేని మొక్క యెట్లు గ్రహించును? చలిచేతనా? తేమచేతనా? వయస్సుచేతనా? ఈ ప్రశ్నకు సమాధానము లభించిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను. అందు తొలిసాక్ష్యము చెప్పినది, మనము మత్తునకై నిందించు గంజాయి మొక్కయే. ఐరోపా ఖండమున దీనిని నారకొరకు శతాబ్దములుగా సాగుచేసిరి.

పారిస్ నగరమున జూలియన్ టూర్న్వా అను వృక్షశాస్త్రజ్ఞుడు గంజాయిని, దానికి చుట్టమైన హాప్ అను తీగను పెంచి పరీక్షించెను. పగటివెలుగు కొద్దిగంటలే తగిలిన మొక్కలు లేబ్రాయముననే పూతకు వచ్చెను. ఈ విషయము నాతడు 1912 లో ప్రకటించెను. పగలు తగ్గుటకంటె రాత్రి పెరుగుటయే ఇందుకు ముఖ్యహేతువని 1914 లో నిర్ణయించెను. ఆ యేటనే ఐరోపాలో మహాసంగ్రామము చెలరేగెను. ఆ యుద్ధమున టూర్న్వా మరణించెను. ఆయన పరిశోధన అర్ధాంతరముగ నిలిచెను.

పిదప అమెరికాలో గార్నర్, అలార్డ్ అను నిరువురు ప్రభుత్వ వ్యవసాయశాస్త్రజ్ఞులకు వేరొక చిక్కు కలిగెను. మేరీలాండ్ మామత్ అను పొగాకు వేసవిలో పొలమున ఏపుగ పెరుగునే కాని పూయదు; శీతకాలమున గాజుటింట పూయును. 1918 జూలైలో వారు కొన్ని కుండీలను ప్రతిదినము సాయంకాలము 4 గంటలకు చీకటిగదిలో నుంచి, మరునాటి ఉదయము 9 గంటలకు వెలుపల పెట్టిరి. ఎండకాలముననే ఆ పొగాకు పూచెను! వెలుపల విడిచిన తోడిమొక్కలు పూయలేదు. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకము లనునవి యివియే: హేతువున్నచో కార్యముండును, లేనిచో లేదు. 1920 లో వారీ ఫలితమును ప్రకటించిరి. దీనికి కాంతికాలావధి ధర్మమని పేరు పెట్టవచ్చును.

1938 లో హామ్నర్, బానర్ అనువారు బట్టలకంటుకొను ముండ్లకాయల మరులమాతంగిపై ప్రయోగించిరి. దీర్ఘరాత్రి నడుమ కొద్దిసేపు దీపము చూపినచో అది పూయలేదు; పగటినడుమ కొద్దిసేపు చీకటి చేసినను పూత చెడలేదు. యుద్ధమున గతించిన టూర్న్వా మాటయే నిజమని యిట్లు రుజువయ్యెను.

అయితే అన్ని మొక్కలును రాత్రిని కొలువవు. 1924 లో యానిషెవ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ దేశపు అడవిగంజాయి నొకదానిని వేరుజాతిగ వర్ణించెను. అది రాత్రి పెరుగువరకు వేచియుండక, తగిన వయస్సు రాగానే పూయును. వేసవి స్వల్పమైన ఆ సీమలలో దీర్ఘరాత్రులకై వేచినచో గింజ పండకమునుపే మంచు చంపును గదా! నేడు కొన్ని దేశములలో దీని సంకరజాతులను గదులలో దీపములక్రింద పెంచుచున్నారు. సామాన్యపు గంజాయికి వెలుగును 12 గంటలకు తగ్గించినచో పూత వచ్చును. ఈ సంకరజాతికి తగ్గించినచో పూత త్వరపడదు; వెలుగు తగ్గినకొలది ఆహారము తగ్గి, మొక్క చిన్నదగును. మనదేశమున అనుమతి లేక గంజాయి పెంచుట 1985 నాటి చట్టముచే నేరమనుటను మరువరాదు.

మనకు కావలసినది అందలి ధర్మము. పూర్వపు వరి రకములనేకము రాత్రి పెరిగినగాని ఈనవు. 1966 లో ఫిలిప్పీన్సులో విడుదలైన ఐ.ఆర్.8 వంటివి రాత్రి నిడివిని అంతగ పాటింపవు; కనుకనే సార్వాలోను దాళ్వాలోను పండగలవు. మరియొక మాట. రాత్రిని కొలుచు పైరు ప్రక్కన తెల్లవార్లు వెలుగు వీధిదీపమున్నచో, ఆ మేర పూత ఆలస్యము కావచ్చును. అట్టిచోట విత్తనమును నిందింపక ముందు దీపమును చూడుడు. మనకు వెలుగు ఎంత అవసరమో, ఆ మొక్కకు చీకటి అంత అవసరము.