తాకడం భ్రమ కాదు

"పరమాణువుల మధ్య ఎప్పుడూ ఖాళీ ఉంటుంది, కాబట్టి మనం దేన్నీ నిజంగా తాకడం లేదు" అనే మాట ఈ మధ్య తరచుగా వినవస్తోంది. వేలికొనలతో నాడి చూడడం, అరచేతితో పొట్ట పరీక్షించడం వృత్తిగా గడిపిన నాకు ఈ మాట ఆలోచించదగినదిగా తోచింది. పాఠకులు దీనిని నమ్మే ముందు దీని వెనుక ఉన్న చరిత్రను తెలుసుకోవాలి.

ఈ సందేహం ప్రాచీనమైనది. వైశేషిక దర్శనకర్త కణాదుడు ద్రవ్యాల కలయికను 'సంయోగం' అనే గుణంగా లెక్కించాడు. ఆ దర్శనం ప్రకారం పరమాణువుకు భాగాలు లేవు. బౌద్ధాచార్యుడు వసుబంధుడు తన 'వింశతిక'లో ఈ వాదాన్ని నిలదీశాడు. ఒక పరమాణువును ఆరు దిక్కుల నుంచి ఆరు పరమాణువులు తాకితే దానికి ఆరు భాగాలు ఉన్నట్లే కదా! అలా కాక అన్నీ ఒకే చోట ఉంటే, ఎన్ని చేరినా పరిమాణం ఒక్క పరమాణువును మించదు కదా!

ఈ చిక్కుముడి విడిపోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. 1909లో గైగర్, మార్స్‌డెన్ పలుచని బంగారు రేకుపై జరిపిన ప్రయోగాల ఆధారంగా, 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. 'ఖాళీ' అనే మాటకు మూలం ఇదే. అయితే ఆ చోటు ఉత్త శూన్యం కాదు, అక్కడ ఎలక్ట్రాన్ల మేఘం పరచుకొని ఉంటుంది. ఆ మేఘానికి గీత గీసినట్లు అంచు ఉండదు. అంచే లేని వస్తువుకు అంచులు కలిస్తేనే స్పర్శ అనే నియమం వర్తించదు.

మరి చేయి బల్లలోకి ఎందుకు దిగబడదు? రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండజాలవని 1925లో పౌలీ సూత్రీకరించాడు. పదార్థం కుప్పకూలకుండా నిలబడడానికి ఈ నియమం అవసరమని 1967లో డైసన్, లెనార్డ్ గణితపరంగా నిరూపించారు. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ నిర్మించిన పరమాణు బల సూక్ష్మదర్శిని అతి సన్నని మొనతో ఉపరితలాన్ని తడుముతుంది. మొన దగ్గరవుతున్న కొద్దీ మొదట ఆకర్షణ, మరింత దగ్గరైతే వికర్షణ కలుగుతాయి. పరమాణు స్థాయిలో తాకడమంటే ఈ బలాల పరస్పర ప్రభావమే.

శరీరం గ్రహించేదీ ఈ ఒత్తిడినే. 2010లో పటపూటియన్ బృందం కనుగొన్న పీజో ప్రోటీన్లు, కణత్వచంపై ఒత్తిడి పడగానే తెరుచుకొనే ద్వారాలు. స్పర్శను నాడులకు అందించేది వీటిలో పీజో-2. ఈ పరిశోధనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పీజో-2 జన్యువు పుట్టుకతోనే లోపించినవారు కళ్లు మూసుకుంటే తమ కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో చెప్పలేరు, నడవడానికే తడబడతారు.

స్పర్శ భ్రమ అయితే 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించినప్పుడు బాలింతల మరణాలు అంతగా తగ్గేవి కావు. సూక్ష్మజీవి చర్మానికి అంటుకోవడం కూడా ఇటువంటి బలాల వల్లనే. సబ్బు అణువు ఒక కొసతో జిడ్డును, మరో కొసతో నీటిని పట్టుకొని ఆ పట్టును సడలిస్తుంది. కాబట్టి పాఠకులారా, పరమాణువుల మధ్య దూరం ఎంత ఉన్నా భోజనానికి ముందు, రోగిని పరామర్శించిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మానకండి.